తమిళదేశమున తెలుగు కర్షకులు: కమ్మవారి చరిత్రము, ఆచారములు

కొండాపురము, శేరిలింగంపల్లి ప్రాంతములలో నేడు మేడలు నిలిచిన చోట్ల ఒకప్పుడు జొన్నచేలును, ఆముదపు చేలును, చెరువుల క్రింద వరిమళ్లును ఉండెనని మన సభ్యులలో పెద్దలందఱును ఎఱుగుదురు. 1998వ సంవత్సరమున హైటెక్ సిటీ వెలసిన పిమ్మట ఎకరముల లెక్కపోయి గజముల లెక్క వచ్చినది. 2007లో శేరిలింగంపల్లి పురపాలకము హైదరాబాదు మహానగరపాలక సంస్థలో లీనమైనది. భూమిని విక్రయించిన వారిలో కొందఱు చేవెళ్ల, శంకరపల్లి, వికారాబాదు వైపులకు పోయి మరల పొలములు కొనిరి. కొందఱు అద్దెలమీద జీవించుచున్నారు. కొందఱికి సొమ్మును నిలువలేదు, నేలయు మిగులలేదు. పొలము చేజాఱిన పిమ్మట కాపు కాపుగా నిలుచునా, నిలిచినచో దేనిని పట్టుకొని నిలుచును అనునది ఈ ప్రాంతమున ఊరక పుట్టిన ప్రశ్న కాదు. అది ఇంటింటి ప్రశ్న.

ఈ ప్రశ్నకు పుస్తకములలో ఉత్తరము వెదకుటకంటె, మనకు మునుపే నేలను విడిచి వేఱొక నేలను చేపట్టిన వారి చరిత్రము చూచుట మేలని మాకు తోచినది. అట్టివారు దూరమున లేరు. తమిళనాడులో కోయంబత్తూరు, తిరునల్వేలి, తూత్తుకుడి, విరుదునగరము, తేని మొదలగు జిల్లాలలో వందల యేండ్లుగా భూములు కలిగి సేద్యము చేయుచున్న తెలుగువారు కలరు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ రాష్ట్రమున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షల పైచిలుకు. వారిలో బలిజలు, రెడ్లు, రాజకంబళత్తువారు, అరుంధతీయులు మొదలగు పెక్కు కులములవారు కలరు. వారిలో కమ్మవారి కథను ఈ మాసము మన సభ్యుల ముందుంచుచున్నాము. ఒక కులమును పొగడుట మా తలంపు కాదు. సేద్యగాండ్రయిన ఒక సముదాయము ఏ బలముచేత నిలిచినది, ఏ లోపములను వెంట మోసికొని వచ్చినది అని విచారించుటయే మా ఉద్దేశము.

వలస వచ్చిన త్రోవ

గుండ్లకమ్మ నదీ ప్రాంతమునకు శాసనములలో కమ్మనాడు, కమ్మరాష్ట్రము అను పేళ్లు కలవు. ఆ నాటి పేరే కులనామమై, తమిళుల నోట "కమ్మవార్" అని స్థిరపడినది. పేరు చివర నాయుడు అనియు, దక్షిణపు జిల్లాలలో నాయకర్ అనియు చేర్చుకొనుట వారికి వాడుక.

విజయనగరపు కుమార కంపన 1371 ప్రాంతమున మధురను జయించుటతో తమిళదేశమునకు త్రోవ తెఱచికొన్నది. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో నాయకరాజ్యమును నెలకొల్పెను. ఆ రాజ్యమున దేశమును 72 పాళెములుగా విభజించి, ఒక్కొక్క పాళెమును ఒక్కొక్క నాయకుని చేతికిచ్చిరని ప్రతీతి. పాళెగాడు సైన్యమును పోషించి రాజునకు సాయపడవలెను; అందులకు బదులుగా పల్లెలనుండి పన్ను దీసికొనును. సైన్యముతో వచ్చిన తెలుగువారు యుద్ధము లేని దినములలో కత్తిని గూటనుంచి నాగలి పట్టిరి. 1565లో రక్కసి తంగడి యుద్ధము జరిగిన పిమ్మట వలస హెచ్చినది. పదునేడవ శతాబ్ది నడుమ గోలకొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకొనగా, దానిని ఏలిన పెమ్మసానివారి శాఖలు దక్షిణమునకు పోయెను. తిరునల్వేలి సీమలోని కురివికుళము, ఇళయరసనేందల్ జమీందారీలు కమ్మవారివే. కాని జమీందారులు కొలదిమంది. వలస వచ్చినవారిలో మిక్కిలి హెచ్చు భాగము సామాన్య కర్షకులు.

వలసనుగూర్చి వారి యిండ్లలో చెప్పుకొను కథ యొకటి కలదు. ఉత్తరదేశమున ఒక పరమత ప్రభువు తమ యింటి పిల్లను పెండ్లికి కోరెననియు, ఒల్లక రాత్రికి రాత్రి పల్లె పల్లె కదలి వచ్చెననియు, వెనుక గుఱ్ఱములు తఱుముచుండగా నిండుగా ప్రవహించు నది అడ్డుపడెననియు, అప్పుడు గట్టునున్న చెట్టు ఆవలి యొడ్డువఱకు వంగి వంతెనయై దాటించెననియు ఆ కథ. ఇదే కథను కొలది మార్పులతో రాజకంబళత్తువారును, తెలుగు రెడ్లును చెప్పుకొందురు. ఇన్ని కులములు ఒకే కథను చెప్పుచుండుటచేత దీనిని ఒక దినమున జరిగిన సంగతిగా గాక, మూడు వందల యేండ్ల వలసను ఒక్క రాత్రిలో ఇమిడ్చిన జ్ఞాపకముగా గ్రహించుట ఉచితము. పరాక్రమముచేత కాదు, చెట్టు దయచేత బ్రదికితిమని చెప్పుకొనుట కర్షకులకు తగిన మాట.

నల్లరేగడి

తమిళదేశమున కావేరి, వైగై, తామ్రపర్ణి నదుల క్రింది మాగాణులు అప్పటికి వందల యేండ్లకు పూర్వమే వెళ్లాలుర చేతను, బ్రాహ్మణుల చేతను స్థిరపడియుండెను. కొత్తగా వచ్చినవారికి అచ్చట చోటు లేదు. మిగిలినది మెట్ట. అందును కోవిల్‌పట్టి, సాత్తూరు చుట్టునున్న నల్లనేల. తమిళులు దానిని కరిసల్ అందురు; మనము రేగడి అందుము. తడిసినపుడు కాలికి మణుగుల కొలది అంటుకొని, ఎండినపుడు నిలువున బీటలువాఱు ఆ నేలను నదీతీరపు సేద్యగాడు లక్ష్యపెట్టలేదు. కృష్ణా, గుండ్లకమ్మ, పెన్నానదుల నడుమ నల్లరేగడిలో పుట్టి పెరిగినవారికి మాత్రము అది పరిచయమైన నేల. నీరు పాఱనిచోట నీటిని దాచుకొను గుణము ఆ మట్టికి కలదని వారెఱుగుదురు. తెలుగువారు ముఖ్యముగా నల్లనేలలందే నిలుచుటకు ఈ యనుభవమే కారణమని చరిత్రకారులు తలంచుచున్నారు.

ఈ నేల గుణమును చూడగోరువారు దూరము పోనక్కఱలేదు. మనకు సమీపముననే, పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రమున నల్లరేగడియు, ఎఱ్ఱచెలకయు పక్కపక్కనే కలవు. ఎఱ్ఱచెలక వాన కురిసినపుడు తడిసి, వాన వెలిసిన కొలదిదినములకే ఆఱిపోవును. నల్లరేగడి వానకాలమున దున్నుటకు లొంగదు, కాని వాన వెనుకబట్టిన పిమ్మట నెలల తరబడి పైరునకు పాలిచ్చును. ఒక నేలకు మంచిదైన పద్ధతి రెండవదానికి చెఱుపు.

అయినను పుట్టినింటి విద్య అంతయు అట్లే పనికి రాలేదు. మనకు మృగశిర కార్తెతో నైరృతి వానలు దిగును. కోవిల్‌పట్టి సీమకు ముఖ్యమైన వానలు ఈశాన్యమునుండి వచ్చును. విత్తనకాలము పురట్టాసి, ఐప్పసి నెలలు, అనగా సెప్టెంబరు నడుమనుండి నవంబరు నడుమవఱకు. నేల పాతదే, పంచాంగము కొత్తది. వారు మట్టిని తాత తండ్రుల కంటితో చూచిరి. వానను తమిళుల కంటితో చూడ నేర్చిరి. కరుంగణ్ణి యను దేశవాళి ప్రత్తియు, సజ్జయు, జొన్నయు, మినుములును, ధనియాలును ఆ నేలలో పండించిరి. 1901లో కోవిల్‌పట్టిలో ప్రభుత్వము వ్యవసాయ పరిశోధన క్షేత్రమును స్థాపించినది ఈ మెట్టసేద్యము నిమిత్తమే.

మన ఏరువాక వేడుకయు అచ్చట కాలము మార్చుకొన్నది. మనకు జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక. ఆ కరిసల్ పల్లెలలో చిత్తిరై నెలలోనే, మంచిదినము చూచి, ఊరివారందఱును ఎద్దులను కడిగి, బొట్లు పెట్టి, ఒకే పొలమున వరుసగా నాగళ్లు కట్టి దున్నుదురు. దీనిని పొన్నేరు, అనగా బంగారు నాగలి, అందురు. ఎవరి పొలము వారు దున్నుకొనుటకు ముందు అందఱును కలిసి ఒక చాలు దున్నవలెనను నియమములో సహకార ధర్మము కలదు. ట్రాక్టరులు వచ్చిన పిమ్మటను ఈ వేడుక కొన్ని పల్లెలలో నిలిచియున్నది.

ఇంటిలోని ఆచారములు

పాఠశాలలోను, అంగడిలోను, కచేరీలోను వారిది తమిళము. ఇంటిలోను, గొడ్లచావిడిలోను తెలుగు. పలువురకు తెలుగు అక్షరములు రావు; తల్లినోటినుండి బిడ్డచెవికి దిగిన తెలుగు మాత్రమే వచ్చును. అందుచేత వారి మాటలలో తమిళపు యాసతోపాటు, మనము మఱచిన పాతమాటలును వినబడును. ఉగాదిని తప్పక జరుపుకొందురు. తమిళులతో కలిసి పొంగలి జరిపి, మఱునాడు పశువులకు పూజచేయుదురు. పెక్కుమంది వైష్ణవ భక్తులు. పురట్టాసి శనివారములందు ఉపవాసముండి తిరుపతి వేంకటేశ్వరునకు మ్రొక్కులు చెల్లించుదురు.

వారి సంఘనిర్మాణమునకు మూలము ఇంటిపేరు. తమిళదేశపు పద్ధతి ననుసరించి వారు కాగితముమీద తండ్రిపేరి మొదటి యక్షరమునే వ్రాయుదురు, ఇంటిపేరు వ్రాయరు. కాని పెండ్లి మాటలాడునపుడు మొట్టమొదట అడుగునది ఇంటిపేరే. ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ములు, వారి నడుమ పెండ్లి కూడదు. కాగితమున లేని ఈ యొక్క మాటవలన నాలుగైదు వందల యేండ్ల చుట్టఱికము తెగక వచ్చినది.

మేనరికమునకు పూర్వము మిక్కిలి పట్టుండెను. మేనమామ కూతురు మేనల్లునికి హక్కుగా భావింపబడెను. దీనికి కారణము ప్రేమ యొక్కటియే కాదు. కొత్తదేశమున పిల్లను ఎఱుగనియింటికి పంపుటకు వెనుదీయుటయు, ఎడ్లును, బావిలోని వాటాయు, చేలును తెలిసినవారి నడుమనే ఉండవలెనను తలంపును అందు కలవు. భూమిని చెదరనీయకుండుటకు పెండ్లిని కంచెగా వేసిరి. ఆ కంచె ఆడపిల్లకు మేలు చేసినదా అను సంగతి ముందు విచారింతము.

ఈ పల్లెల జీవితమును అక్షరములలో నిలిపినవాడు కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున తెలుగు మాటలాడు కర్షక కుటుంబమున జన్మించి, తానును సేద్యము చేసి, తమిళమున వ్రాసెను. 1976లో వెలువడిన "గోపల్ల గ్రామం" అను నవల తెలుగుదేశమునుండి వలసపోయిన వారు అడవి నఱికి ఊరు కట్టుకొనుటనుగూర్చినది. దాని తరువాయి కథయైన "గోపల్లపురత్తు మక్కళ్" అను నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. కరిసల్ సీమ మాటలకు ఆయన ఒక నిఘంటువును గూడ కూర్చెను. 2021 మే నెలలో కాలధర్మము నొందెను. తెలుగు కాపుల కథ తమిళ సాహిత్యమునకు అలంకారమగుట రెండు భాషలవారికిని గర్వకారణము.

బావియందు వంతు

కోయంబత్తూరు సీమకు పోయినవారి కష్టము వేఱు. పడమటి కనుమల నీడలో నుండుటచేత అచ్చట వాన తక్కువ. సాలునకు 600 నుండి 700 మిల్లీమీటర్లు. అచ్చట పూర్వమునుండి సేద్యము చేయుచున్న తమిళ కర్షకులు కొంగు వెళ్లాల గౌండర్లు. బావి త్రవ్వి బ్రదుకుటలో ఆరితేఱిన వారు. పాప్పనాయక్కన్‌పాళయము, పెరియనాయక్కన్‌పాళయము, నరసింహనాయక్కన్‌పాళయము అను ఊళ్ల పేళ్లలో తెలుగు నాయకుల జాడ నేటికిని కలదు. గౌండర్లును, నాయుళ్లును పక్కపక్కనే రాతిలో బావులు తొలిచి, ఎడ్లచేత తోలుబానలతో నీరు చేదిరి. మనము తెలంగాణమున మోట అనునదియే రాయలసీమలో కపిల, కోయంబత్తూరున కవలై.

రాతిబావి త్రవ్వుట ఒక్కని వలన కాదు. తండ్రి త్రవ్వించినది కొడుకులకు ఉమ్మడి. వారి కొడుకులనాటికి అందు సగము, పాతిక, అరపాతిక వాటాలు. భూమిని గట్లుపెట్టి పంచుకొనవచ్చును గాని బావిని పంచుకొనరాదు. కావున నీటిని కాలముచేత పంచిరి. ఈ దినము అన్నది, మఱునాడు తమ్మునిది. ఈ వంతునకు తమిళమున ముఱై యని పేరు. వంతు తప్పినచో పైరెండును. పైరెండినచో పగ పుట్టును. అందుచేత వంతును కాచుటకు పెద్దమనుష్యులుండిరి. కాగితముమీద బైలాలు లేని సహకార సంఘము ప్రతి బావిగట్టునను ఉండెనని చెప్పవచ్చును. భారతదేశమున సహకార పరపతిని నెలకొల్పవలెనని 1895, 1897 సంవత్సరములలో మద్రాసు ప్రభుత్వమునకు నివేదికలు వ్రాసిన ఫ్రెడరిక్ నికల్సన్ అంతకుముందు కోయంబత్తూరు జిల్లానుగూర్చి పెద్ద గ్రంథమును కూర్చినవాడు. ఆ నివేదికల పిమ్మట 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది.

చేనినుండి మరకు

1905 ప్రాంతమున కంబోడియా ప్రత్తి యను పొడుగు పింజ రకము మద్రాసు రాజధానికి వచ్చెను. దానికి నీరు కావలెను. కోయంబత్తూరు బావులు ఆ నీటినిచ్చినవి. ప్రత్తి పండించినవారి చేతికి రొక్కము వచ్చినది. ఆ రొక్కమును వారేమి చేసిరో చూచుట మనకు ముఖ్యము.

కర్షక కుటుంబములనుండి వచ్చినవారు జిన్నులు పెట్టిరి, పిదప నూలుమరలు పెట్టిరి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్సును స్థాపించెను. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చినతోడనే మరలు హెచ్చెను. కలంగల్ అను పల్లెలో కర్షకుని యింట 1893లో పుట్టిన జి. డి. నాయుడు బస్సులు నడపి, పిదప యంత్రములు చేయింప పూనుకొనెను. 1937లో ఆయనయు, డి. బాలసుందరం నాయుడును కలిసి విద్యుత్ మోటారును ఈ దేశముననే తయారుచేసిరి. ఆ మోటారు, దానికి తగిన పంపు తిరిగి పోయినది ఎచ్చటికి? బావిగట్టునకు. చేనిలోని ప్రత్తి మరను పుట్టించెను. మర మోటారును పుట్టించెను. మోటారు చేనికి నీరు తెచ్చెను. ఎడ్లు విశ్రమించెను.

పీళమేడు గ్రామమున పి. ఎస్. గోవిందస్వామి నాయుని నలుగురు కుమారులు 1926లో ఆస్తి పంచుకొనునపుడు దానిని నాలుగు గాక ఐదు పాళ్లు చేసి, ఐదవపాలు ధర్మమునకు విడిచిరి. ధర్మము ఐదవ సోదరుడని వారి తలంపు. పీఎస్‌జీ ధర్మసంస్థ యట్లు వెలసినది. పాఠశాలలు, ఇంజనీరింగు కళాశాల, వైద్యశాల దానినుండి పుట్టినవే. తేనిలో కమ్మవార్ సంఘము పేర నడచు విద్యాలయములును ఈ తోవలోనివే. పీళమేడునందు నేడు పొలములు లేవు. మరలు, కళాశాలలు, విమానాశ్రయము, 2010లో తెఱచిన టైడెల్ పార్కు ఉన్నవి. కొండాపురము వలెనే అదియు నగరముచేత మ్రింగబడిన పల్లె. కాని ఒక భేదము కలదు. పీళమేడును మార్చిన పరిశ్రమ అచ్చటి పంటనుండి పుట్టినది. అందుచేత ప్రత్తి నెఱిగిన కర్షకునకు దానిలో చోటు దొరకినది. కొండాపురమునకు వచ్చిన పరిశ్రమకు మన జొన్నతో గాని, ఆముదముతో గాని పని లేదు. మననుండి దానికి కావలసినది నేల మాత్రమే.

రైతు సంఘము

ధనికులైన మిల్లు యజమానులనుగూర్చి మాత్రమే చెప్పి ఊరకుండిన కథ అసమగ్రమగును. పల్లెలో మిగిలిన సామాన్య రైతు నాయకత్వము వేఱు. ఓమందూరు రామస్వామి రెడ్డియారు తిండివనము చెంతనున్న తెలుగు రెడ్ల కర్షక కుటుంబమువాడు. ఆయన 1947 నుండి 1949 వఱకు మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రిగా నుండగా, జమీందారీలను తీసివేసి రైతువారీగా మార్చు 1948వ సంవత్సరపు చట్టము వచ్చినది. కురివికుళము వంటి జమీందారీల కాలము దానితో తీఱినది.

కోయంబత్తూరు చెంత వైయంపాళయమున 1925లో జన్మించిన సి. నారాయణస్వామి నాయుడు మఱియొక తరహా మనుష్యుడు. బావులకు మోటారులు వచ్చిన పిమ్మట రైతు బ్రదుకు విద్యుత్ వెలమీద నిలిచినది. 1970లో ప్రభుత్వము యూనిట్టు వెలను 8 పైసలనుండి 10 పైసలకు పెంపగా ఆయన రైతులను సమకూర్చి పోరాడెను. ఆ సంవత్సరము జూను 19న పెరుమానల్లూరున పోలీసు కాల్పులకు ముగ్గురు రైతులు బలియైరి. తుదకు వెల 9 పైసలైనది. 1972లో వేలకొలది ఎడ్లబండ్లను తెచ్చి కోయంబత్తూరు వీథులను నింపిరి. ఆ యేటి పోరాటమునను ప్రాణములు పోయినవి. ఆయన పిమ్మట తమిళనాడు అంతటికిని రైతుసంఘమును నిర్మించెను. ఆ సంఘమున గౌండర్లును, నాయుళ్లును, రెడ్లును, తక్కిన కులములవారును కలిసి నిలిచిరి. 1984 డిసెంబరులో కోవిల్‌పట్టిలో ఆయన మరణించెను. 1990లో తమిళనాడు రైతులందఱికిని సేద్యమునకు విద్యుత్తు ఉచితమైనది.

ఈ గెలుపునందు ఒక హెచ్చరికయు కలదు. వెల లేని విద్యుత్తు వెల లేని నీటిని తోడించినది. పూర్వము బావికి వంతుండెను; బోరునకు వంతు లేదు. ఎవరి బోరు వారిది, కాని అడుగుననున్న నీరు అందఱిది. కోయంబత్తూరు సీమలో నేడు వేయి అడుగుల లోతునకు పోయినను నీరు పడని బోరులు కలవు. తెలంగాణమున మన అనుభవమును అంతే. కలిసి వెల తగ్గించుకొన గలిగిన రైతులు, కలిసి నీటికి వంతు పెట్టుకొనలేకపోయిరి.

దాచరాని లోపములు

భూస్వాముల చరిత్రము చెప్పునపుడు భూమి లేనివారిని మఱచుట ఆచారమైపోయినది. మేమట్లు చేయనొల్లము. కవలై బానను కుట్టినవారు, చీలినపుడు మాటువేసినవారు అరుంధతీయులు. నాయుళ్ల చేలలోను, గౌండర్ల చేలలోను పెక్కు తరములు పాలికాపులుగా పాటుపడిన వారును వారే. వారిలో పెక్కుమంది ఇంటి భాషయు తెలుగే. ఒకే భాష మాటలాడుచు వచ్చినవారిలో ఒకరికి భూమియు, మఱియొకరికి ఊరివెలుపల గుడిసెయు దక్కినవి. 2009లో తమిళనాడు ప్రభుత్వము అరుంధతీయులకు విద్యయందును, ఉద్యోగములందును మూడు పాళ్ల ప్రత్యేక కోటా నేర్పఱుపవలసి వచ్చినదనగా ఆ వెనుకబాటు ఎంత లోతైనదో ఊహింపవచ్చును. బావిలో నీరు చేదిన తోలు వారిది. నీటిలో వంతు మాత్రము వారికి లేదు.

ఆడపిల్ల సంగతియు నిట్టిదే. మేనరికము భూమిని కాచినది గాని, ఆమె పేర భూమి వ్రాయలేదు. ఆంధ్రప్రదేశము 1985 నుండియు, తమిళనాడు 1989 నుండియు ఉమ్మడి ఆస్తిలో కూతురునకు కొడుకుతో సమమైన భాగము నిచ్చినవి. 2005లో దేశమంతటికిని ఆ న్యాయము వచ్చినది. చట్టము వచ్చినను పంపకమునాడు అక్కచెల్లెండ్రచేత విడుదల పత్రములు వ్రాయించుకొను వాడుక మన వైపునను పోలేదు. కొండాపురమున గజము వేలకు, లక్షలకు పోయిన దినములలో ఎన్ని యిండ్లలో ఆడపిల్లలు సంతకము మాత్రము చేసి వచ్చిరో సభ్యులు తమ మనస్సునే అడిగి తెలిసికొనవలెను.

మనకు దీనివలన తెలియునది

కమ్మవారు గుండ్లకమ్మ తీరమును విడిచిరి. కాని సేద్యమును విడువలేదు. వారితో వచ్చినవి మూడు: మట్టిగుణము నెఱిగిన కన్ను, నీటిని వంతుచొప్పున పంచుకొను కట్టుబాటు, ఇంటిపేరువలన తెగని చుట్టఱికము. ఈ మూడును పట్టాలో వ్రాసియుండవు. కనుకనే వానిని ఎవరును కొనలేదు, ఎవరును వశపఱచుకొనలేదు. వారి పల్లెలలోనికి నగరము వచ్చినపుడు పంటను ఎఱిగిన తెలివియే మరయై, మోటారై, విద్యాలయమైనది.

మన ప్రాంతమున నేల పోయినది. ఆ మాటను ఇక త్రిప్పుటకు వీలులేదు. కాని ఏ మాసమున ఏ చెలకలో ఏమి విత్తవలెనో ఎఱిగిన పెద్దలు మన సభ్యులలో ఇంకను కలరు. మన చుట్టునున్న నగరము ప్రతి ఉదయమును బండ్లకొలది కూరగాయలను, పాలను, ధాన్యమును తినుచున్నది. ఆ తిండిని పండించు చేవెళ్ల, శంకరపల్లి, వికారాబాదు రైతునకును, దానిని తిను కొండాపురపు గృహస్థునకును నడుమ ఎందఱో చేతులు మార్చి లాభము గైకొనుచున్నారు. రెండు వైపుల నెఱిగినవారము మనము. భూమి అమ్మిన సొమ్ములో కొంత భాగమును వాటాధనముగా సంఘమునందుంచి, శుభ్రపఱచుటకు, నిలువచేయుటకు, నేరుగా అమ్ముటకు సాధనములు కల్పించుకొనుట మనకు సాధ్యమైన పని. 1995వ సంవత్సరపు పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము, ప్రభుత్వ మూలధనముపై ఆధారపడక సభ్యులు తమ సొమ్ముతో తామే నడపుకొనుటకు త్రోవ చూపినది.

పీళమేడు సోదరులు ఆస్తిలో ఐదవ పాలు తీసినట్లు మనమును ఒక పాలు తీయగలమా? తీసిన పాలులో అక్కచెల్లెండ్రకును, మన చేలలో పాటుపడిన కూలి కుటుంబములకును వాటా వ్రాయగలమా? ఈ ప్రశ్నలను రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము. వచ్చునప్పుడు సభ్యులు తమ యింటి ఆడవారిని వెంటబెట్టుకొని రావలెనని మా ప్రత్యేక మనవి.